పాలసీ చేతికొచ్చాక ముప్పై రోజులు

1956 జనవరి 19న అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ ఆకాశవాణిలో దేశప్రజలతో మాట్లాడారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిని పెళ్ళాడి తెలుగింటి అల్లుడైన పెద్దమనిషి ఆయన. జీవిత బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంటోందని ఆ ప్రసంగంలో ప్రకటించారు. అంతకు కొద్ది వారాల ముందు, 1955 డిసెంబరులో, ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ బండారం బయటపెట్టారు. పాలసీదారులు కట్టిన సొమ్మును ఆ కంపెనీ పెద్ద రామకృష్ణ డాల్మియా తన సొంత వ్యవహారాలకు ఎలా మళ్ళించాడో సభకు వివరించారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 1956 సెప్టెంబరు 1న, 245 కంపెనీలూ సొసైటీలూ కలిసి ఎల్‌ఐసీ ఏర్పడింది.

అప్పట్లో కంపెనీ ఖజానాకే కన్నం పడింది. ఇప్పుడు కంపెనీల మీద నిఘా ఉంది. 1999 చట్టంతో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఉంది. దాన్ని పొట్టిగా ఐఆర్‌డీఏఐ అంటారు. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. అందుకే మోసగాడు చోటు మార్చాడు. ఇప్పుడు ఫోనులో దొరుకుతాడు, బ్యాంకు కౌంటరు పక్కన కుర్చీలో దొరుకుతాడు, ఆర్టీఓ ఆఫీసు బయట చెట్టు కింద దొరుకుతాడు. ఒక్కోసారి మనింటికే వచ్చి కాఫీ తాగి వెళ్తాడు.

వంకాయ పుచ్చో కాదో ఇంటికెళ్ళి కోస్తే తెలిసిపోతుంది. బీమాలో పుచ్చు మాత్రం పదేళ్ళకో పదిహేనేళ్ళకో, ఇంటి పెద్ద కన్నుమూశాక, ఆయన భార్య బాండు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కినప్పుడు తెలుస్తుంది. మోసం జరిగేది సంతకం పెట్టిన రోజున, బయటపడేది క్లెయిమ్ రోజున. కాబట్టి జాగ్రత్తంతా ముందే పడాలి: సంతకం పెట్టే నాడు, ఆ తర్వాత బాండు చేతికొచ్చిన ముప్పై రోజుల్లో. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఫోను సంగతి చూద్దాం. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగుతుంది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంటుంది.

"నమస్తే సర్. ఐఆర్‌డీఏ హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ పాలసీ మీద లక్షా ఎనభై వేల బోనస్ పెండింగులో ఉంది సర్. మీకు తెలియకుండా అది మీ ఏజెంటు కోడ్ మీదికి వెళ్ళిపోతోంది. ఈ నెలాఖరులోగా ఆ కోడ్ తీసేయించుకోకపోతే మొత్తం ల్యాప్స్ అయిపోతుంది."

మీ పేరు చెప్తాడు. పాలసీ నంబరు చెప్తాడు. ఏటా ఎంత కడుతున్నారో, ఏ తేదీన కడుతున్నారో కూడా చెప్తాడు. ఇన్ని తెలిసినవాడు దొంగ ఎలా అవుతాడనిపిస్తుంది. కానీ మన వివరాలు ఎన్ని చేతులు మారుతున్నాయో లెక్క లేదు. మీ వివరాలు తెలియడం వాడి నిజాయితీకి రుజువు కాదు. ఆ తర్వాత ఏజెంటు కోడ్ తీయించడానికి ఒక చిన్న పాలసీ కొత్తగా తీసుకోమంటాడు, లేదా పాతిక వేలు డిపాజిట్ కట్టమంటాడు. కట్టాక మూడో రోజున ఇంకో గొంతు వస్తుంది. ఈసారి 'ఫండ్ రిలీజ్ డిపార్ట్‌మెంట్' అంటాడు. ఫైలు చార్జీ, ఎన్‌ఓసీ చార్జీ, టీడీఎస్, జీఎస్టీ... ఇలా వరసగా ఒక్కొక్కటీ అడుగుతాడు. ఇచ్చిన పాతిక వేలు పోతాయేమోనన్న భయంతో మనిషి ఇంకో యాభై వేలు ఇస్తాడు. ఈ మోసం నడిచేదే ఆ భయం మీద.

దీనికి విరుగుడు నాలుగు ముక్కల్లో చెప్తాను. ఒకటి: ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు, ఎవరి ప్రీమియాన్నీ ఎక్కడా పెట్టుబడి పెట్టదు. ఈ సంగతి ఆ సంస్థే ఎన్నోసార్లు పత్రికా ప్రకటనల్లో చెప్పింది. ఆ పేరుతో ఫోను వచ్చిందంటే అది దొంగ ఫోనే. రెండు: బోనస్ ఉన్న పాలసీల్లో ఆ బోనస్ పాలసీకే జమవుతూ ఉంటుంది. మెచ్యూరిటీకో క్లెయిముకో అసలుతో కలిసి వస్తుంది. అది ఏజెంటు కోడ్ మీదికి పోవడం అన్నది లేనే లేదు. మూడు: కంపెనీ మనకు డబ్బు ఇవ్వాల్సి ఉంటే, పట్టుకోవాల్సింది ఏదైనా అందులోంచే పట్టుకుంటుంది. డబ్బు తీసుకోవడానికి ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఫోను పెట్టేయండి. నాలుగు: 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీల ప్రీమియం మీద జీఎస్టీయే లేదు. అలాంటి పాలసీ పేరు చెప్పి జీఎస్టీ అడిగేవాడు తన గుట్టు తానే విప్పుకుంటున్నాడన్నమాట.

పాలసీ తీసుకుంటే వడ్డీ లేని లోను ఇప్పిస్తామనేవాళ్ళు, మీ స్థలంలో సెల్ టవర్ పెట్టిస్తామనేవాళ్ళు, మీ అబ్బాయికి ఉద్యోగం వేయిస్తామనేవాళ్ళు కూడా ఈ కోవలోకే వస్తారు. బీమా అమ్మడానికి బీమా కాని ఆశ ఏది చూపించినా అది మోసమే. మీకు నిజంగా రావాల్సిన పాత డబ్బేమైనా ఉందా అని అనుమానముంటే దళారీతో పని లేదు. ఎవరూ అడగక ఉండిపోయిన మొత్తాల వివరాలు చూసుకునే వీలు ప్రతి బీమా కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. పాలసీ నంబరో, పేరూ పుట్టినతేదీనో ఇచ్చి మీరే చూసుకోవచ్చు. కంప్యూటరు అలవాటు లేకపోతే దగ్గర్లోని బ్రాంచికి వెళ్ళి అడగండి.

ఇక రెండోది అసలు కంపెనీ, అసలు పాలసీ, అసలు ఉద్యోగి. అయినా మోసమే. చెప్పేదొకటి, అమ్మేదొకటి.

రిటైరైన మాస్టారు ఒకాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యూవల్‌కు బ్యాంకుకు వెళ్ళారనుకుందాం. కౌంటరులో అమ్మాయి లేచి నుంచుని, "మాస్టారూ, ఎఫ్‌డీలో ఏముంది, ఇందులో వెయ్యండి, అయిదేళ్ళలో డబుల్, పైగా బీమా ఫ్రీ" అంటుంది. మాస్టారు సంతకాలు పెడతారు. అది ఒక్కసారి కట్టి వదిలేసేదని ఆయన నమ్మకం. కాగితం మీద మాత్రం ఏటా కట్టాలని, పదేళ్ళు కట్టాలని ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి వచ్చే పింఛను కంటే కట్టాల్సిన ప్రీమియం ఎక్కువ. రెండో ఏడు కట్టలేక మానేస్తే, మొదట కట్టినదాంట్లో తిరిగొచ్చేది చాలా తగ్గిపోతుంది.

ఇక్కడ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీకు ఇచ్చే కాగితం మీద బ్యాంకు పేరు ఉందా, బీమా కంపెనీ పేరు ఉందా? ఎఫ్‌డీ అయితే బ్యాంకు రసీదు వస్తుంది. బీమా అయితే ప్రపోజల్ ఫారం నింపిస్తారు, ఆరోగ్యం గురించి అడుగుతారు, నామినీకి మీతో చుట్టరికం ఏమిటని అడుగుతారు. డిపాజిట్‌కు మీ షుగర్‌తో ఏం పని? ఆ ప్రశ్న రాగానే మేలుకోవాలి. తర్వాత రెండు అంకెలు అడగండి: ఎన్నేళ్ళు కట్టాలి, ఎన్నేళ్ళకు చేతికొస్తుంది? ఈ రెండూ వేర్వేరు. వాటిని నోటితో కాదు, కాగితం మీద రాసి ఇమ్మనండి. రాబడి అంచనా పట్టికలో 4 శాతం, 8 శాతం అని రెండు వరసలు ఉంటాయి. అమ్మేవాళ్ళు వేలు పెట్టి చూపించేది 8 శాతం వరసను. అది కేవలం అంచనా, హామీ కాదు. హామీ ఉన్న మొత్తం ఎంతో విడిగా రాసి ఉంటుంది. దాన్ని చదవండి.

లోను కావాలంటే ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని బ్యాంకు పట్టుబట్టకూడదు. అలా అంటే ఆ మాట రాసిమ్మని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే పట్టు సడలిపోతుంది.

పాలసీ ఇచ్చే ముందు కంపెనీ నుంచి ఒక ఫోను వస్తుంది. "మీరు పది సంవత్సరాలు ప్రీమియం చెల్లించాలని మీకు తెలుసా? ఇది బీమా పాలసీ అని మీకు వివరించారా?" అని అడుగుతారు. అమ్మినవాళ్ళు ముందే నూరిపోస్తారు: "అన్నిటికీ ఎస్ ఎస్ అనెయ్యండి అంకుల్, లేకపోతే ప్రాసెస్ ఆగిపోతుంది." ఆ సంభాషణ రికార్డవుతుంది. రేపు మీరు ఫిర్యాదు చేస్తే కంపెనీ వినిపించే సాక్ష్యం అదే, మీ గొంతుతోనే. నిజానికి ఆ ఫోను మీ రక్షణ కోసం పెట్టింది. తెలియనిదాన్ని తెలియదనండి, చెప్పనిదాన్ని చెప్పలేదనండి. ప్రాసెస్ ఆగిపోతే ఆగనివ్వండి.

సరే, ఆ ఘట్టం కూడా దాటిపోయింది, బాండు ఇంటికి వచ్చింది లేదా మెయిల్‌కు వచ్చింది. అప్పుడు మొదలవుతాయి మీ ముప్పై రోజులు. జీవిత బీమాలోనూ ఆరోగ్య బీమాలోనూ, ఏడాది కంటే తక్కువ గడువున్న పాలసీలు తప్ప, బాండు అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా పాలసీ వద్దని వెనక్కి ఇచ్చేయవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ పీరియడ్ అంటారు. ఇదివరకు మామూలుగా 15 రోజులే ఉండేది, 2024 నిబంధనలతో అన్నిటికీ 30 రోజులైంది. స్టాంపు డ్యూటీ, వైద్యపరీక్షల ఖర్చు, ఆ కొద్దిరోజుల బీమా రక్షణకు పడే మొత్తం మాత్రం పట్టుకుని మిగతా డబ్బంతా తిరిగి ఇస్తారు. అందుకే బాండు అందిన తేదీని కవరు మీద రాసిపెట్టుకోండి. "చూద్దాంలే, మావాడు సంక్రాంతికి వచ్చాక చదివి చెప్తాడు" అని బీరువాలో పెట్టారా, పండగ వచ్చేసరికి ముప్పై రోజులూ అయిపోతాయి. వాపసు కావాలంటే అమ్మినవాడికి ఫోను చేయకండి. "వచ్చే వారం వస్తాను సర్" అంటూ ఆ గడువు కాస్తా దాటిస్తాడు. నేరుగా కంపెనీ బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.

బాండు ఇంగ్లీషులో ఉంది, పాతిక పేజీలుంది, ఎలా చదవడం అంటారా? పాలసీతోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒకటి ఇవ్వాలి. ఏం వర్తిస్తుంది, ఏం వర్తించదు, ఎన్నాళ్ళు ఆగాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవి అందులో క్లుప్తంగా ఉంటాయి. ఆరోగ్య బీమాలో ఆ కాగితాన్ని స్థానిక భాషలో అడిగే హక్కు మీకుంది. తెలుగులో కావాలని అడగండి.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైంది. ఎందుకంటే ఇందులో మోసానికి మన చేతే సంతకం పెట్టిస్తారు. ప్రపోజల్ ఫారం సంగతి చెప్తున్నాను.

ఏజెంటు మనకు తెలిసినవాడే. చుట్టమో, పక్కవీధి వాడో. "మీరు ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకాలు పెట్టండి బాబాయ్, మిగతావి నేను నింపుకుంటాను" అంటాడు. బీపీ ఉందన్నా, షుగర్ మాత్రలు వేసుకుంటున్నానన్నా "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, మెడికల్స్ అడుగుతారు, వదిలెయ్యండి" అంటాడు. లేదు, లేదు, లేదు అని వరసగా టిక్కులు పెట్టేస్తాడు. ఫారం ఇంగ్లీషులో ఉండి మీరు తెలుగులో సంతకం పెట్టారనుకోండి, "ఇందులోని విషయాలు ఇతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాను" అని ఒకరు విడిగా సంతకం పెట్టాలి. ఆ సంతకం కూడా పెడతాడు. చదివి వినిపించింది మాత్రం ఏమీ ఉండదు. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ఆసుపత్రి పాత చీటీలో "ఆరేళ్ళుగా మధుమేహం" అని ఉంటుంది. ఏజెంటు చెప్పాడన్న మాటకు అక్కడ విలువ ఉండదు. సంతకం మీది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1938 బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్ళు నిండితే, ఇక ఏ కారణం చెప్పీ కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి లేదు. ఆ మూడేళ్ళలోపు మాత్రం అబద్ధం బయటపడితే క్లెయిమ్ పోతుంది. మధ్యలో పాలసీ ల్యాప్స్ అయి మళ్ళీ పునరుద్ధరించుకుంటే ఆ మూడేళ్ళ లెక్క కొత్తగా మొదలవుతుంది. ఆరోగ్య బీమాలో వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం చేశారని రుజువైతే తప్ప, ఫలానాది చెప్పలేదని క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. ముందునుంచీ ఉన్న జబ్బుకు ఆగాల్సిన గడువు 36 నెలలకు మించకూడదు. ఇప్పుడు బేరీజు వేసుకోండి. షుగర్ ఉందని నిజం చెప్తే పోయేది కాస్త ప్రీమియం, ఆ జబ్బు వరకు మహా అయితే మూడేళ్ళ ఎదురుచూపు. దాస్తే పోయేది పాలసీ మొత్తం.

కాబట్టి ఖాళీ ఫారం మీద సంతకం వద్దు. నింపాక ఫోటో తీసుకోండి. మీరు సంతకం పెట్టిన ప్రపోజల్ నకలు పాలసీతోపాటు రావాలి. వచ్చాక ఆ టిక్కులు సరిచూసుకోండి. తప్పుంటే ఆ ముప్పై రోజుల్లోనే కంపెనీకి రాసి సరిచేయించుకోండి. ఇంకో మాట. "మొదటి ప్రీమియం నేను కట్టేస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు" అనే ఏజెంట్లున్నారు. కమీషన్లోంచి అలా తిరిగి ఇవ్వడం అదే చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం నేరం. ఇచ్చినవాడికే కాదు, పుచ్చుకున్నవాడికి కూడా 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అలాగని ఏజెంట్లందరినీ అనుమానించనక్కర్లేదు. చావు కబురు తెలియగానే తానే ఇంటికొచ్చి, క్లెయిమ్ కాగితాలు నింపి, ఆఫీసు చుట్టూ తానే తిరిగి, నామినీ ఖాతాలో డబ్బు పడేదాకా నిద్రపోని ఏజెంట్లు మన ఊళ్ళల్లో ఎందరో ఉన్నారు. అలాంటివాళ్ళు లైసెన్సు చూపించమంటే కోప్పడరు. కోప్పడ్డాడంటే అక్కడే ఆలోచించుకోవాలి.

నాలుగోది బండి బీమా. పూర్తిగా నకిలీ కాగితాలు ఎక్కువగా తిరిగేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, రెండోసారి 4,000 జరిమానా. ఆ జరిమానాకు భయపడి, ట్రాఫిక్ పోలీసుకు చూపించడానికి ఏదో ఒక కాగితం ఉంటే చాలనుకునేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళ కోసమే సగం ధరకు ఇన్సూరెన్స్ దొరుకుతుంది. పాత పాలసీ కాగితాన్ని కంప్యూటర్లో పెట్టి పేరు, బండి నంబరు, తేదీ మార్చి ప్రింటు తీసి ఇస్తారు.

దీన్ని పసిగట్టడం తేలిక. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏ కంపెనీలో కొన్నా అదే రేటు. ఉదాహరణకు 75 నుంచి 150 సీసీ లోపు మోటారు సైకిలుకు 2022 జూన్‌లో ఖరారు చేసిన రేటు ఏడాదికి 714 రూపాయలు, దానిపైన జీఎస్టీ. దాన్ని మూడు వందలకు ఇస్తానన్నవాడు మీకు అమ్ముతున్నది కాగితమే. పాలసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోనుతో స్కాన్ చేసి చూడండి. రవాణా శాఖవారి ఎం-పరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొడితే బీమా ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. పాలసీ తీసుకున్న కొద్దిరోజులకు కూడా అక్కడ పాత తేదీయే చూపిస్తుంటే కంపెనీకి ఫోను చేసి పాలసీ నంబరు చెప్పి అడగండి. ఎందుకింత పట్టింపు అంటే, మీ బండి తగిలి ఒక మనిషి చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ కాగితం నకిలీ అయితే ఆ లక్షలు మీ ఇల్లూ పొలమూ అమ్మి కట్టాలి.

ఆరోగ్య బీమా కార్డు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. "మీకు ఇన్సూరెన్స్ ఉందిగా, ఒక్కరోజు అడ్మిట్ అయినట్టు రాస్తే టెస్టులన్నీ ఫ్రీ" అంటే ఊ కొట్టకండి. ఆ బిల్లు మీ పాలసీ మొత్తంలోంచి పోతుంది. రాని జబ్బు మీ పేరు మీద రికార్డులోకి ఎక్కుతుంది. మీ కార్డు మీద చుట్టాన్ని చేర్పించడం కూడా ఇలాంటిదే. డిశ్చార్జి రోజున క్యాష్‌లెస్ కదా అని చూడకుండా వచ్చేయకండి. చివరి బిల్లు నకలు అడిగి, వాడని మందులు, ఉండని రోజులు ఉన్నాయేమో చూడండి.

ఇంతకంటే దారుణమైనది ఒకటుంది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ జిల్లా పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. చావుబతుకుల్లో ఉన్న రోగుల పేర, చనిపోయినవాళ్ళ పేర కూడా పాలసీలు తీసి డబ్బు కాజేసిన ముఠా అది. ఇలాంటివాళ్ళు బీద కుటుంబాల దగ్గరికి సాయం చేసేవాళ్ళలా వస్తారు. మంచం పట్టిన మనిషి ఆధార్, పాన్, ఫోటో, రెండు సంతకాలు అడుగుతారు. డబ్బు వాళ్ళు తింటారు, కేసులో పేరు మాత్రం మీ కుటుంబానిది ఉంటుంది. జబ్బుపడ్డ మనిషి ఆధార్ కాగితాన్ని ఏ ముక్కూ మొహం తెలియనివాడికీ ఇవ్వకండి.

దళారుల చేతుల్లో పడి నష్టపోతున్న బీద కుటుంబాలు ఇంకా ఉన్నాయి. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 20 రూపాయలతో సురక్షా బీమా ఉన్నాయి. ఒక్కోదానిలో 2 లక్షల బీమా. తెలంగాణలో రైతుబీమా కింద ఎల్‌ఐసీ ద్వారా 5 లక్షలు వస్తాయి, రైతు కట్టాల్సింది ఏమీ లేదు. "ఆ డబ్బు నేను ఇప్పిస్తా, నాకు యాభై వేలివ్వు" అనే మనిషి కర్మకాండలు కూడా పూర్తికాకముందే గుమ్మంలో నిలబడతాడు. ఈ క్లెయిములకు ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. బ్యాంకు బ్రాంచికి వెళ్తే చాలు. రైతుబీమాకైతే మీ వ్యవసాయ విస్తరణాధికారిని కలవండి. ప్రతి ఏడూ మే నెలాఖరులో మీ పాసుబుక్కులో ఆ 436, ఆ 20 కట్ అయ్యాయో లేదో చూసుకోండి.

డబ్బు కట్టే తీరు గురించి ఒక్క నియమం చాలు. డబ్బు కంపెనీ పేరు మీదికే వెళ్ళాలి, మనిషి పేరు మీదికి వెళ్ళకూడదు. చెక్కు మీద కంపెనీ పేరు, ప్రపోజల్ నంబరు రాయండి. ఫోనులో పంపితే డబ్బు వెళ్ళేముందు తెర మీద పేరు కనిపిస్తుంది. అక్కడ ఎవరో సురేషో రమేషో కనిపిస్తే ఆగిపోండి. నగదు ఇస్తే కంపెనీ రసీదు తీసుకోండి, తెల్లకాగితం మీద రాసిచ్చింది రసీదు కాదు. ప్రీమియం కంపెనీకి అందితేనే బీమా మొదలవుతుంది. ఏజెంటు జేబులో ఉన్నంతకాలం మీకు బీమా లేనట్టే.

ఇంత చేసినా మోసపోతే ఏం చేయాలి? ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఫోను మోసంలో డబ్బు పంపేశారా? వెంటనే 1930కు ఫోను చేయండి. పంతొమ్మిది ముప్పై. సిగ్గుపడి, ఇంట్లో తిడతారని దాచి, రెండు రోజులు ఆలస్యం చేస్తే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. గంటలోపు చెప్తే ఆ ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఎక్కువ. పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. మనం ఫోర్ ట్వంటీ అని పిలిచే మోసం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్.

కంపెనీతో తగాదా అయితే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతలో ఇవ్వండి, నంబరు తీసుకోండి. రెండు వారాల్లో తేల్చకపోయినా, సమాధానం నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లో వేయండి. ఫోనులో అయితే 155255. మళ్ళీ చెప్తున్నాను: ఒకటి అయిదు అయిదు, రెండు అయిదు అయిదు. అదీ పనిచేయకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా తీర్పు ఇవ్వగలరు, ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే. కంపెనీ నెలరోజుల్లో బదులు ఇవ్వకపోయినా, కాదన్నా వెళ్ళవచ్చు, కాకపోతే కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది. దాని గురించి సలహా కావాలంటే 1915కు ఫోను చేయండి.

చివరిగా ఒక్క పని అప్పగిస్తాను. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న బాండ్లన్నీ బయటికి తీయండి. ఒక నోటుబుక్కులో పాలసీ నంబరు, కంపెనీ పేరు, ఎంత బీమా, ఎప్పటిదాకా, నామినీ ఎవరు అని వరసగా రాయండి. పెళ్ళికి ముందు అమ్మను నామినీగా పెట్టి, అమ్మ పోయి పదేళ్ళయినా మార్చని పాలసీ ఒకటైనా బయటపడుతుంది. దాన్ని మార్పించండి. ఆ నోటుబుక్కు ఎక్కడుందో మీ ఆవిడకు, పిల్లలకు చెప్పండి. కొత్తగా వచ్చిన బాండు ఏదైనా ఉంటే ముప్పై రోజులు దాటాయేమో లెక్కపెట్టండి. దాటకపోతే ఆ రాత్రే చదవండి, అర్థం కాకపోతే చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి చదివించండి. సంతకం పెట్టేటప్పుడు మొహమాటపడితే, ఆ నష్టాన్ని మన తర్వాత మన ఇంట్లోవాళ్ళు భరించాలి.